పాలకులపై విమర్శ (ఇస్లాం)

పాలకులపై విమర్శ ఇస్లామీయ నీతిశాస్త్రంలోను, ధర్మశాస్త్రమైన ఫిఖహ్ లోను తరచుగా చర్చకు వచ్చే విషయం. అధికారంలో ఉన్నవారు తప్పు చేసినపుడు సామాన్య విశ్వాసి గాని, ధార్మిక పండితుడు (ఆలిమ్) గాని నోరు విప్పవలెనా, విప్పినచో ఎవరి ఎదుట, ఎటువంటి మాటలతో, ఎంతవరకు అన్నవి ఇందులోని ప్రధాన ప్రశ్నలు. ఈ విషయంలో ఇస్లాం విశ్వాసిపై రెండు బాధ్యతలు ఉంచింది. ఒకటి, అధికారం గలవారికి విధేయుడై సమాజంలో చీలిక రాకుండా చూడడం. రెండవది, కళ్ళెదుట జరిగే చెడును వారించడం. పాలకుడే చెడుకు పాల్పడినపుడు ఈ రెండూ ఒకదానికొకటి అడ్డుపడతాయి.

షియాలు దోషరహితులుగా (మాసూం) భావించే ఇమాములను మినహాయిస్తే, ప్రవక్త తరువాతి పాలకులెవరూ విమర్శకు అతీతులని ప్రధాన ముస్లిం సంప్రదాయాలేవీ సిద్ధాంతరీత్యా అంగీకరించలేదు. వాదమంతా విమర్శించే పద్ధతి గురించే. అయితే పద్ధతి గురించిన ఈ వాదమే అనేకమంది పండితులను చెరసాలకు, కొందరిని మరణానికి తీసుకువెళ్ళినది.

పదజాలం

ఈ చర్చలో కొన్ని అరబ్బీ పదాలు మాటిమాటికీ వస్తాయి. 'అమ్ర్ బిల్ మారూఫ్, నహీ అనిల్ మున్కర్' అనగా మంచిని ఆదేశించుట, చెడును వారించుట. 'నసీహత్' అనగా హితబోధ. ఉర్దూలో ఈ పదం ఉపదేశం అనే అర్థంలో వాడుకలో ఉన్నది గాని, అరబ్బీ మూలంలో నిష్కపటత్వం అనే భావం ప్రధానం. తేనె నుండి మైనాన్ని వేరుచేసి శుద్ధి చేయడానికి, చిరిగిన వస్త్రాన్ని కుట్టి బాగుచేయడానికి ఈ ధాతువునే వాడతారని వ్యాఖ్యాతలు వివరించారు. కావున నసీహత్ అంటే ఎదుటివాని మేలు కోరి అతనిలోని లోపాన్ని సరిచేయడమే గాని, అతనిని చింపిపోగులు పెట్టడం కాదని వారి భావం.

'గీబత్' అనగా ఒక వ్యక్తి లేని చోట అతని లోపాలను చెప్పుకొనుట, అనగా పరోక్షనింద. ఆ లోపం నిజమైనదైనా అది పాపమే. నిజం కానిచో అది అభాండం, మరింత పెద్ద పాపం. 'ఫిత్నా' అనగా సమాజాన్ని చీల్చే అంతఃకలహం. పాలకునితో చేసే విధేయతా ప్రమాణాన్ని 'బైఅత్' అంటారు.

ఖురాన్ లో ఆధారాలు

ఈ చర్చకు మూలం నాలుగవ సూరా అన్-నిసాలోని 59వ ఆయత్. అల్లాహ్ కు, ఆయన ప్రవక్తకు, తమలో అధికారం గలవారికి విధేయులై ఉండవలెనని, ఏ విషయంలోనైనా వివాదం వస్తే దానిని అల్లాహ్ ముందు, ప్రవక్త ముందు పెట్టవలెనని ఈ ఆయత్ విశ్వాసులను ఆదేశించింది. వ్యాఖ్యాతలు ఇందులో ఒక సూక్ష్మాన్ని గమనించారు. 'విధేయులు కండి' అనే క్రియాపదం అల్లాహ్ కు ఒకసారి, ప్రవక్తకు మరొకసారి వచ్చినది గాని, అధికారులకు విడిగా రాలేదు. అందుచేత పాలకుల పట్ల విధేయత స్వతంత్రమైనది కాదని, మొదటి రెండింటికి లోబడినదని వారు తేల్చారు. వివాదం వచ్చినపుడు అన్న మాట కూడా ముఖ్యమైనదే. పాలితులకు పాలకునితో వివాదం ఉండవచ్చునని ఆయత్ ముందే ఊహించింది.

మంచిని ఆదేశించి చెడును వారించే సమూహం ఒకటి ఉండవలెనని మూడవ సూరా 104వ ఆయత్ చెబుతుంది. ఇరవయ్యవ సూరాలో మూసా, హారూన్ ప్రవక్తలను ఫిరౌన్ వద్దకు పంపుతూ, అతనితో మృదువుగా మాట్లాడమని అల్లాహ్ ఆజ్ఞాపించిన ప్రస్తావన ఉన్నది (20:44). ఫిరౌన్ ను మించిన నియంత లేడు, మూసాను మించిన విమర్శకుడు కాబోడు, అయినా మృదుత్వమే ఆజ్ఞ అయినదని పండితులు దీనిని ఉదహరిస్తారు. మృదువుగా మాట్లాడమన్నారే గాని మాట్లాడవద్దనలేదు, పైగా అది రాజసభలోనే జరిగినది అని ఇతరులు బదులిస్తారు. చెడును బహిరంగంగా పలకడం అల్లాహ్ కు ఇష్టం లేదని, అన్యాయానికి గురైనవానికి మాత్రం మినహాయింపు అని నాలుగవ సూరా 148వ ఆయత్ చెబుతుంది. బాధితునికి గొంతెత్తే హక్కు ఉన్నదనడానికి ఇది ప్రధాన ఆధారం.

హదీసులు

హదీసు గ్రంథాలలో విధేయతను గట్టిగా కోరే హదీసులు, నిర్భయంగా సత్యం పలకమనే హదీసులు రెండూ సమృద్ధిగా ఉన్నాయి. ఏ వర్గం వారు ఆ వర్గానికి అనుకూలమైనవాటినే ఎక్కువగా వల్లించడం సహజంగా జరుగుతూ వచ్చినది.

ధర్మమంటేనే హితబోధ అని, అది ముస్లింల నాయకులకు, సామాన్యులకు కూడా చేయవలసినదని తమీమ్ దారీ ఉల్లేఖించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉన్నది. నిరంకుశ పాలకుని ఎదుట పలికిన న్యాయవాక్యమే శ్రేష్ఠమైన జిహాద్ అనే భావం గల హదీసు అబూ దావూద్, తిర్మిజీ సంకలనాలలో ఉన్నది. ఇందులో 'ఎదుట' అన్న మాటను గమనించవలెను. పాలకుని వెనుక అతనిని తిట్టడానికి, అతని ముఖం మీద నిజం చెప్పడానికి మధ్య గల తేడా ఈ నీతికి మూలస్తంభం వంటిది. మొదటిదానికి నాలుక చాలు. రెండవదానికి తలను పణంగా పెట్టవలెను.

పాప కార్యంలో విధేయత లేదనడానికి ఒక సంఘటనను ఉదహరిస్తారు. ప్రవక్త పంపిన ఒక దళానికి నాయకుడు కోపగించి, నిప్పు రాజేయించి, అందులో దూకమని తన సైనికులను ఆజ్ఞాపించాడు. వారు వెనుకాడారు, ఇంతలో అతని కోపం చల్లారినది. ఈ సంగతి తెలిసి ప్రవక్త, వారు దూకి ఉంటే దాని నుండి ఎన్నటికీ బయటపడేవారు కాదని, విధేయత మంచి విషయాలలోనే అని తెలిపినట్లు బుఖారీ, ముస్లిం సంకలనాలు పేర్కొన్నాయి.

చెడును చూసినవాడు చేతితోను, చేతకాకపోతే నాలుకతోను, అదీ కాకపోతే మనసులోనైనా దానిని వ్యతిరేకించవలెననే హదీసు సుప్రసిద్ధమైనది. ఈ హదీసు ఏ సందర్భంలో వెలుగులోకి వచ్చినదో మాత్రం అంతగా ప్రచారంలో లేదు. ఉమయ్యద్ వంశీయుడైన మర్వాన్ మదీనా గవర్నరుగా ఉన్నపుడు, ఈద్ నమాజుకు ముందే ఖుత్బా (ప్రసంగం) చేయడానికి పూనుకున్నాడు. నమాజు ముందు, ఖుత్బా తరువాత అన్నది ప్రవక్త ఏర్పరచిన క్రమం. నమాజు ముగియగానే ప్రజలు తమ ప్రసంగం వినకుండా లేచిపోతున్నారన్నది మర్వాన్ చెప్పిన కారణం. నిండు సభలో ఒక వ్యక్తి లేచి ఈ క్రమం తప్పని అభ్యంతరం చెప్పాడు. అక్కడే ఉన్న ప్రవక్త సహచరుడు (సహాబీ) అబూ సయీద్ ఖుద్రీ, ఇతడు తన బాధ్యత నెరవేర్చాడని పలికి, ఈ హదీసును వినిపించాడు. కావున ఈ ప్రసిద్ధ హదీసు మనకు చేరినదే ఒక గవర్నరుపై బహిరంగంగా జరిగిన విమర్శ సందర్భంలో.

తొలి ఖలీఫాల కాలం

632లో మొదటి ఖలీఫా అయిన అబూబక్ర్ తన తొలి ప్రసంగంలోనే, తాను సరిగా నడిస్తే సహాయపడమని, దారి తప్పితే సరిదిద్దమని ప్రజలను కోరినట్లు ప్రవక్త జీవితచరిత్రలు తెలుపుతున్నాయి. రెండవ ఖలీఫా ఉమర్ మహర్ (వధువుకు ఇచ్చే కానుక) పై పరిమితి విధించబోగా, ఒక స్త్రీ ఖురాన్ ఆయత్ చూపి అడ్డుకొన్నదని, ఉమర్ తన తప్పును ఒప్పుకొన్నాడని ఒక కథనం మసీదు ప్రసంగాలలో బహుళ ప్రచారంలో ఉన్నది. హదీసు విమర్శకులు దీని ఉల్లేఖన పరంపర (సనదు) బలహీనమైనదని చెప్పారు. అయినప్పటికీ తరతరాలుగా ఇది చెప్పబడుతూ ఉండడాన్ని బట్టి, ముస్లింలు తమ ఆదర్శ పాలకుని ఏ రూపంలో చూడగోరారో అర్థమవుతుంది.

ఇదే కాలానికి చెందిన హిషాం బిన్ హకీమ్ ఉదంతానికి మరింత గట్టి ఆధారం ఉన్నది. సిరియా ప్రాంతంలో పన్ను చెల్లించలేదని కొందరు ముస్లిమేతర రైతులను ఎండలో నిలబెట్టి హింసించడం ఆయన చూశాడు. ఈ లోకంలో మనుషులను హింసించేవారిని అల్లాహ్ హింసిస్తాడని ప్రవక్త నోట తాను విన్నానని ప్రకటించి, నేరుగా అక్కడి గవర్నరు ఉమైర్ బిన్ సాద్ వద్దకు వెళ్ళి ఆ మాటే చెప్పాడు. గవర్నరు వారిని విడిచిపెట్టించాడు.

మూడవ ఖలీఫా ఉస్మాన్ కాలంలో విమర్శ తీవ్రరూపం దాల్చినది. ధనాన్ని పోగుచేయడాన్ని నిరసించిన అబూజర్ గిఫారీకి, సిరియా గవర్నరు ముఆవియాకు పొసగలేదు. అబూజర్ చివరికి రబజా అనే ఎడారి ప్రాంతంలో ఒంటరిగా మరణించాడు. ఆయన అక్కడికి వెలివేయబడ్డాడా, తానుగా వెళ్ళాడా అన్నదానిపై కథనాలు ఏకీభవించవు. అదే కాలంలో ఉసామా బిన్ జైద్ ను కొందరు, ఖలీఫాతో మాట్లాడవేమని నిలదీశారు. మీకు వినిపించేటట్లు మాట్లాడితేనే మాట్లాడినట్లా, తాను ఏకాంతంలో మాట్లాడాననీ, ఒక చెడు ద్వారాన్ని తెరిచే మొదటివాడిని కాదలచుకోలేదనీ ఆయన బదులిచ్చినట్లు హదీసు గ్రంథాలలో ఉన్నది. 656లో తిరుగుబాటుదారులు ఉస్మాన్ ను ఆయన ఇంటిలోనే హత్య చేయడంతో, ఉసామా చెప్పిన ద్వారం తెరుచుకున్నట్లయినది.

నాలుగవ ఖలీఫా అలీ, తనను బహిరంగంగా దూషించిన ఖారిజీల విషయంలో అనుసరించిన పద్ధతి ధర్మశాస్త్రంపై చెరగని ముద్ర వేసినది. కూఫా మసీదులో ఆయన ప్రసంగిస్తుండగా వారు నినాదాలు చేసేవారు. వారిని మసీదులకు రానివ్వకుండా ఆపబోమని, యుద్ధధనంలో వారి వాటాను నిలపబోమని, వారు ఆయుధం పట్టనంతవరకు తామూ పట్టబోమని అలీ ప్రకటించాడు. మాటకు శిక్ష లేదు, కత్తికే శిక్ష అన్న ఈ నియమాన్ని తరువాతి కాలంలో మావర్దీ వంటి న్యాయవేత్తలు తిరుగుబాటుదారుల (బుగాత్) చట్టానికి ఆధారంగా తీసుకున్నారు. పాలకులు దీనిని పాటించిన సందర్భాలు మాత్రం తక్కువ.

తిరుగుబాటు నుండి సహనం వైపు

661లో అలీ ఒక ఖారిజీ చేతిలోనే హతుడయ్యాడు. 680లో కర్బలాలో ప్రవక్త మనుమడు హుసేన్, యజీద్ సైన్యం చేతిలో అమరుడయ్యాడు. ఎనిమిదవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఇరాక్ గవర్నరు హజ్జాజ్ పై ఇబ్న్ అల్-అష్అస్ జరిపిన తిరుగుబాటులో ఖురాన్ పండితులు అనేకులు చేరి ఓడిపోయారు. వారిలో ఒకడైన సయీద్ బిన్ జుబైర్ ను హజ్జాజ్ 714లో చంపించాడు. బస్రా పండితుడు హసన్ బస్రీ హజ్జాజ్ ను తీవ్రంగా నిరసిస్తూనే, అతనిపై కత్తి ఎత్తవద్దని ప్రజలకు బోధించాడు.

ఈ అనుభవాల నుండే సున్నీ సంప్రదాయంలో ఒక మధ్యే మార్గం రూపుదిద్దుకున్నది. అన్యాయం చేసే పాలకునిపై ఆయుధం ఎత్తరాదు. అతని పాప కార్యంలో పాలుపంచుకోరాదు. అతని తప్పును తప్పని చెప్పడం మానరాదు. దీనిని పిరికితనానికి వేసిన ముసుగుగా భావించేవారు ఉన్నారు. కానీ ఈ మార్గాన్ని బోధించిన ఇమాముల జీవితాలను చూస్తే ఆ అభిప్రాయం నిలవదు. అబూ హనీఫా న్యాయాధిపతి (ఖాజీ) పదవిని నిరాకరించి, 767లో బాగ్దాద్ చెరసాలలో మరణించాడని ప్రతీతి. ఇమాం మాలిక్, బలవంతం మీద ఇచ్చిన తలాఖ్ చెల్లదని బోధించాడు. వినడానికి ఇది కుటుంబ చట్టానికి సంబంధించిన విషయమే. కానీ బలవంతపు తలాఖ్ చెల్లకపోతే, అబ్బాసీ ఖలీఫాకు బలవంతంగా చేసిన బైఅత్ కూడా చెల్లదు కదా. 762లో మదీనాలో జరిగిన తిరుగుబాటు తరువాత అక్కడి గవర్నరు మాలిక్ ను కొరడాలతో కొట్టించాడు.

అందరికంటె ప్రముఖ ఉదాహరణ అహ్మద్ బిన్ హంబల్. 833లో ఖలీఫా మామూన్, ఖురాన్ సృష్టింపబడినది అనే సిద్ధాంతాన్ని పండితులందరూ ఒప్పుకోవలెనని శాసించాడు. 'మిహ్నా' (పరీక్ష) అని పిలువబడే ఈ విచారణలో చాలామంది లొంగిపోయారు. అహ్మద్ ఒప్పుకోలేదు. మామూన్ తరువాత వచ్చిన ముఅతసిమ్ ఆయనను కొరడాలతో కొట్టించాడు. ఆ తరువాతి ఖలీఫా వాసిక్ కాలంలో బాగ్దాద్ పండితులు కొందరు అహ్మద్ వద్దకు వచ్చి, ఈ ఖలీఫాను ఇక అంగీకరించలేమన్నారు. ముస్లింల రక్తం చిందించవద్దని, మనసులో నిరసిస్తూ ఓర్పు వహించమని ఆయన వారిని వారించాడు. అదే వాసిక్ కాలంలో తిరుగుబాటుకు సిద్ధపడిన అహ్మద్ బిన్ నస్ర్ ఖుజాయీ 846లో వధింపబడ్డాడు. తరువాత ముతవక్కిల్ మిహ్నాను ఎత్తివేసి అహ్మద్ బిన్ హంబల్ కు కానుకలు పంపగా ఆయన స్వీకరించలేదు, స్వీకరించిన తన కుమారులపై కోపగించాడు. కొరడా వలన లొంగనివాడు కానుక వలన లొంగరాదన్నది ఆయన పట్టుదల.

గజాలీ వర్గీకరణ

గజాలీ (మరణం 1111) తన 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో ఒక పూర్తి భాగాన్ని మంచిని ఆదేశించి చెడును వారించే విషయానికి కేటాయించాడు. చెడును వారించడంలో ఆయన మెట్లను పేర్కొన్నాడు: తప్పని తెలియజేయడం, హితబోధ చేయడం, కఠినంగా మాట్లాడడం, బలప్రయోగం. సామాన్యుల మధ్య ఇవన్నీ సందర్భాన్ని బట్టి వర్తించవచ్చు. పాలకుని విషయంలో ప్రజలకు మొదటి రెండు మెట్లు మాత్రమే ఉన్నాయి. బలప్రయోగం ఫిత్నాకు దారితీస్తుంది కాబట్టి నిషిద్ధం. మూడవ మెట్టు అయిన కఠిన వచనం విషయంలో గజాలీ చూపిన విచక్షణ గమనించదగినది. దాని ఫలితంగా వచ్చే కష్టం ఇతరులపై పడేటట్లయితే అది కూడదు. మాట్లాడినవాని ఒక్కని మీదనే పడేటట్లయితే అది అనుమతింపబడినది మాత్రమే కాదు, ప్రశంసనీయం కూడా. అనగా విమర్శకుడు తన ప్రాణాన్ని పణంగా పెట్టవచ్చు గాని, పక్కవాని ప్రాణాన్ని పెట్టరాదు.

రాజుల కొలువులకు తిరిగే పండితులను గజాలీ ఘాటుగా విమర్శించాడు. అన్యాయంగా వసూలైన సొమ్ములోంచి వచ్చే బహుమానాలు పుచ్చుకున్న నోరు, ఆ అన్యాయాన్ని గురించి మాట్లాడలేదన్నది ఆయన వాదన.

రహస్యమా, బహిరంగమా

ఈ అంశంలో నేటికీ తెగని వివాదం ఇది. పాలకునికి హితబోధ చేయదలచినవాడు బహిరంగంగా కాక, అతని చేయి పట్టుకొని ఏకాంతానికి తీసుకువెళ్ళి చెప్పవలెనని, అతడు వింటే సరే, వినకపోతే చెప్పినవాని బాధ్యత తీరినదని ఒక హదీసు ముస్నద్ అహ్మద్ లో ఉన్నది. దీనిని ఉల్లేఖించినవాడు ఇయాజ్ బిన్ గన్మ్ అనే సేనాని. ఆయన దీనిని ఎవరికి వినిపించాడో చూడవలెను. తనను బహిరంగంగా తప్పుపట్టిన హిషాం బిన్ హకీమ్ కే, పైన రైతుల తరఫున మాట్లాడిన హిషాంకే, వినిపించాడు. ఈ హదీసు సనదుపై పండితులలో భేదాభిప్రాయాలున్నాయి.

ఏకాంతమే మేలనేవారి వాదన ఇది: నలుగురిలో అవమానింపబడినవాడు తప్పును దిద్దుకోడు, పంతానికి పోతాడు, పాలకుని గౌరవం పోతే శాంతిభద్రతలు పోతాయి, విమర్శకునిలో కూడా పేరు కోసం పాకులాట (రియా) మొదలవుతుంది. ఎదుటి పక్షం వాదన వేరు: పాలకుని పొరపాటు వ్యక్తిగతమైనదైతే ఏకాంతంలోనే చెప్పవలెను, కాని ప్రజల సొమ్ము, ప్రజల రక్తం, ప్రజల ధర్మానికి సంబంధించిన తప్పు ప్రజల ఎదుటనే జరిగినపుడు మౌనం దానిని ఆమోదించినట్లవుతుంది. మర్వాన్ ఉదంతాన్ని వీరు చూపుతారు. ఇందులో మరొక చిక్కు కూడా ఉన్నది. చేయి పట్టుకొని పక్కకు తీసుకువెళ్ళమనే నియమం, పాలకుని చేయి అందుబాటులో ఉన్నదనే నమ్మకం మీద ఆధారపడినది. ద్వారాలు మూసుకున్న చోట ఈ నియమం మౌనానికి మరో పేరుగా మారే ప్రమాదం ఉన్నది.

చరిత్రలో రెండు పద్ధతులూ కనిపిస్తాయి. అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్' గ్రంథం మొదట హారూన్ రషీద్ కు, పాలితుల విషయంలో అల్లాహ్ ఎదుట జవాబు చెప్పుకోవలసి ఉంటుందని మర్యాదగా, స్పష్టంగా హెచ్చరించాడు. నవవీ (మరణం 1277) మమ్లూక్ సుల్తాన్ బైబర్స్ కు, డమాస్కస్ ప్రజలపై పడిన భారాలను గురించి లేఖలు వ్రాశాడు.

నవవీ కంటె ముందు తరం వాడైన ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలాం (మరణం 1262) మార్గం దీనికి భిన్నం. డమాస్కస్ పాలకుడు సాలిహ్ ఇస్మాయీల్ తన బంధువుపై పోరులో క్రూసేడర్ల సాయం కోసం వారికి కోటలు అప్పగించగా, ఆయన శుక్రవారపు ఖుత్బాలో పాలకుని పేరు చెప్పి ప్రార్థించడం మానివేశాడు. ఫలితంగా పదవి పోయినది, నిర్బంధం ఎదురైనది. తరువాత ఈజిప్టులో ఒక ఈద్ నాడు సుల్తాన్ నజ్ముద్దీన్ అయ్యూబ్ సైన్యాల మధ్య వైభవంగా ఉండగా, పేరు పెట్టి పిలిచి, ఫలానా చోట మద్యం అమ్ముతున్నారు, అల్లాహ్ కు ఏమి జవాబు చెబుతావని అడిగాడు. సుల్తాన్ ఆ దుకాణాన్ని మూయించాడు. అంతమందిలో ఎందుకు అడిగావని శిష్యుడు ప్రశ్నించగా, ఆ వైభవంలో అతనిని చూసి, అహంకారం అతనికి హాని చేయకుండా కొంత తగ్గింపదలచానని ఇజ్జుద్దీన్ చెప్పినట్లు సుబ్కీ వ్రాశాడు. అనగా ఆయన దృష్టిలో బహిరంగ విమర్శ కూడా పాలకుని మేలు కోరి చేసిన నసీహతే.

విమర్శకు హద్దులు

పాలకుడు కూడా మనిషే కాబట్టి గీబత్, అభాండం, ఎగతాళి, చెడ్డపేర్లు పెట్టడం, ఇతరుల గుట్టు వెదకడం వంటి నిషేధాలు అతని విషయంలోనూ వర్తిస్తాయి. 49వ సూరా అల్-హుజురాత్ లో ఈ నిషేధాలు వరుసగా వస్తాయి. వార్త తెచ్చినవాడు నమ్మదగనివాడైతే విచారించి తెలుసుకోమనే ఆజ్ఞ (49:6) కూడా అక్కడే ఉన్నది.

అయితే గీబత్ కు ఆరు మినహాయింపులను నవవీ పేర్కొన్నాడు. అన్యాయానికి గురైనవాడు ఫిర్యాదు చేయడం, చెడును ఆపడానికి సహాయం కోరడం, ఫత్వా అడగడం, ప్రజలను హాని నుండి హెచ్చరించడం, బహిరంగంగా పాపం చేసేవాని ఆ పాపాన్ని ప్రస్తావించడం, గుర్తు పట్టడానికి తప్ప వేరే దారి లేనపుడు ఒక లోపంతో పిలవడం. హెచ్చరిక అనే మినహాయింపు కింద, అధికారంలో ఉండి దానిని సరిగా నిర్వహించనివాని సంగతి పై అధికారికి తెలపడాన్ని ఆయన ప్రత్యేకంగా చేర్చాడు. పాలకుని ఇంటి సంగతులు వేరు, పాలన సంగతులు వేరు అన్న విభజన ఇక్కడి నుండే వస్తుంది.

షియా సంప్రదాయం

షియాలకు కర్బలా అన్యాయ పాలకుని ధిక్కరించడానికి శాశ్వత ప్రతీక. అదే సమయంలో ప్రాణభయం ఉన్నపుడు విశ్వాసాన్ని దాచుకునే 'తఖియ్యా'కు కూడా వారి ధర్మశాస్త్రంలో స్థానమున్నది. 'నహ్జుల్ బలాగా'లో అలీ, ఈజిప్టుకు గవర్నరుగా నియమించిన మాలిక్ అష్తర్ కు వ్రాసిన లేఖ ప్రసిద్ధమైనది. చేదు నిజం చెప్పేవారినే దగ్గరకు తీయమని, ముఖస్తుతికి అలవాటు పడవద్దని ఆయన అందులో ఆదేశించాడు.

1979 విప్లవం తరువాత ఇరాన్ రాజ్యాంగం 8వ అధికరణం, మంచిని ఆదేశించి చెడును వారించడాన్ని ప్రజలకు ప్రభుత్వం పట్ల గల బాధ్యతగా కూడా ప్రకటించింది. ఖుమైనీకి వారసుడుగా ఎంపికైన ఆయతుల్లా ముంతజిరీ, 1988లో జైళ్ళలో జరిగిన సామూహిక మరణశిక్షలను నిరసిస్తూ ముందుగా లేఖలే వ్రాశాడు. 1989లో ఆయన వారసత్వాన్ని కోల్పోయాడు. 1997లో సర్వోన్నత నాయకుని అధికారాలను బహిరంగంగా ప్రశ్నించిన మీదట 2003 వరకు గృహనిర్బంధంలో గడిపాడు. 2009లో మరణించాడు.

భారతదేశంలో

చిష్తీ సూఫీలు పాలకులకు దూరంగా ఉండడాన్నే ఒక మౌన విమర్శగా పాటించారు. సుల్తాన్ ఒక ద్వారం గుండా వస్తే తాను మరో ద్వారం గుండా వెళ్ళిపోతానని నిజాముద్దీన్ ఔలియా అన్నట్లు ప్రతీతి.

బయానాకు చెందిన ఖాజీ ముగీసుద్దీన్ కు, ఢిల్లీ సుల్తాన్ అల్లావుద్దీన్ ఖిల్జీకి జరిగిన సంభాషణను చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ వివరంగా వ్రాశాడు. సింహాసనం ఎక్కకముందు 1296లో దేవగిరిని కొల్లగొట్టి తెచ్చిన ధనం తనదా, ప్రజల ఖజానాదా అని సుల్తాన్ అడిగాడు. సైన్యం బలంతో వచ్చినది కాబట్టి ఖజానాదే అని ఖాజీ చెప్పాడు. సుల్తాన్ అంతఃపుర ఖర్చులను కూడా తప్పుపట్టాడు. సుల్తాన్ కోపంతో లోపలికి వెళ్ళగా, ఖాజీ ఇంటికి వెళ్ళి తనవారి వద్ద సెలవు తీసుకొని చావుకు సిద్ధపడ్డాడు. మరునాడు సుల్తాన్ అతనిని సత్కరించాడు, కాని తన పద్ధతి మాత్రం మార్చుకోలేదు.

బ్రిటిష్ కాలంలో మౌలానా అబుల్ కలాం ఆజాద్ పై కలకత్తాలో రాజద్రోహ నేరం మోపబడినది. 1922 జనవరిలో కోర్టుకు సమర్పించిన ప్రకటనలో (తరువాత ఇది 'ఖౌలే ఫైసల్' పేరుతో ప్రచురితమైనది) ఆయన నేరారోపణను ఖండించలేదు. అన్యాయాన్ని అన్యాయమని చెప్పడం ముస్లింగా తన విధి అని, ముస్లిం పాలకుని అన్యాయాన్నే సహించవద్దన్న ధర్మం పరాయి ప్రభుత్వ అన్యాయాన్ని ఎలా సహించమంటుందని వాదించాడు. ఆయనకు ఒక సంవత్సరం కఠిన కారాగార శిక్ష పడినది.

హైదరాబాదు సంస్థానంలో ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ, సంస్థానం భారత యూనియన్ లో చేరవలెనని వ్రాసి, 1948 ఆగస్టులో హత్యకు గురయ్యాడు. ఆయన వ్రాతలు ధర్మశాస్త్ర చర్చ కంటె రాజకీయ స్వభావం గలవే అయినా, ముస్లిం పాలనను ఒక ముస్లిం బహిరంగంగా విమర్శించిన ఉదాహరణగా తెలుగు ప్రాంత చరిత్రలో దీనికి స్థానమున్నది.

ఆధునిక వివాదాలు

1991లో గల్ఫ్ యుద్ధం తరువాత సౌదీ అరేబియాలో పలువురు పండితులు రాజుకు సంస్కరణలు కోరుతూ వినతిపత్రం సమర్పించారు. 1992లో మరింత విపులమైన 'హితబోధ పత్రం' (ముజక్కిరతున్ నసీహా) వచ్చినది. దాని విషయం కంటె, అది దేశం బయట ప్రచురితం కావడమే పెద్ద వివాదమైనది. ఉన్నత పండితుల మండలి దానిని ఖండించింది. హితబోధ వేదికల మీద నుండి కాక పాలకునికి నేరుగా చేరవలెనన్నది షేఖ్ ఇబ్న్ బాజ్ అభిప్రాయం. 1994లో సఫర్ హవాలీ, సల్మాన్ ఔదా నిర్బంధింపబడ్డారు.

2011లో అరబ్ దేశాలలో ప్రజలు వీధులలోకి వచ్చినపుడు పండితులు మళ్ళీ చీలిపోయారు. శాంతియుత ప్రదర్శన తిరుగుబాటు కాదని, అది నాలుకతో చెడును వారించడమేనని యూసుఫ్ ఖరదావీ సమర్థించాడు. ఈజిప్టు ముఫ్తీ అలీ జుమా ఫిత్నా భయంతో వ్యతిరేకించాడు. సిరియాలో ప్రభుత్వం పక్షాన నిలిచిన రమజాన్ బూతీ 2013 మార్చిలో డమాస్కస్ మసీదులో పాఠం చెబుతుండగా జరిగిన పేలుడులో మరణించాడు. ఈ వివాదంలో ధర్మశాస్త్రానికి కొత్తగా ఎదురైన ప్రశ్న ఒకటున్నది. పాతకాలపు పండితులు ఎరిగినది ఏకాంత హితబోధ, కత్తి పట్టిన తిరుగుబాటు, వీటి మధ్య ఒంటరి విమర్శకుని గొంతు. ఆయుధం లేని లక్షమంది గుంపును ఈ మూడింటిలో దేని కింద చేర్చవలెనన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు.

పైన చెప్పిన సల్మాన్ ఔదా 1999లో విడుదలయ్యాడు. 2017 సెప్టెంబరులో ఆయన మళ్ళీ అరెస్టయ్యాడు. సౌదీ, కతార్ పాలకుల మధ్య సయోధ్య కుదరవలెనని ట్విట్టర్లో ఒక ప్రార్థన వ్రాసిన కొద్ది గంటలకే ఇది జరిగినదని మానవ హక్కుల సంస్థలు తెలిపాయి. 2018లో ప్రాసిక్యూషన్ వారు ఆయనకు మరణశిక్ష విధించవలెనని కోర్టును కోరారు.